మొండి బురుజు నీడ

కసిల్దాకి పొద్దు చీపురుతో మొదలవుతుంది. ఎనిమిదింటికల్లా వెళ్ళి సింహాల మేడ తాళం తీస్తుంది. ఆ తాళంచెవి మూరెడుంటుంది. ఏ జేబులోనూ పట్టక, తాడు కట్టి నడుముకి వేలాడదీసుకుంటుంది. తలుపు మీద రాతి డాలు, దానికి చెరోపక్కా నోరు తెరిచిన సింహం. వాటి కింద నిలబడి రాతి వాకిలంతా ఊడుస్తుంది. కప్పు మీద కొంగలు గూళ్ళు కట్టుకున్నాయి గనక రోజూ బుట్టెడు పుల్లలు, ఈకలు, ఒక్కోసారి సగం తిన్న కప్ప కూడా దొరుకుతుంది.

"సంసారాలైతే చేస్తున్నారు గానీ శుభ్రం లేదు మీకు," అని తల పైకెత్తి రోజూ ఒకే మాట అంటుంది. కొంగలు ముక్కులు టకటకలాడిస్తాయి.

మేడకి అయిదువందల ఏళ్ళుంటాయి. దాని దొరలు మాద్రిద్‌లో ఉంటారు. కసిల్దాకి అరవై మూడేళ్ళొచ్చాయి, వాళ్ళని మూడుసార్లు చూసింది. మధ్యాహ్నం రెండింటిదాకా చూడవచ్చిన వాళ్ళకి బావి, మెట్లు, చెక్కడపు దూలాలు చూపిస్తుంది. "ముట్టుకోకండి" అని ఎనభైసార్లు చెబుతుంది. తర్వాత తాళం వేసి, ఇళ్ళ నడుమ రాళ్ళు పరిచిన చౌకు, ప్లాసా, దాటి ఇంటికొస్తుంది. మొగుడు దమ్యాన్ అప్పటికి టమాటాలు రుబ్బి గజ్పాచో చారు కలిపి, చల్లబడ్డానికి బావిలోకి దించి ఉంచుతాడు. ఊళ్ళో పాత ఇళ్ళ కప్పుల మీద పెంకులు సర్ది సర్ది రిటైరైన మనిషి. ఎక్కడానికి కప్పుల్లేకపోయేసరికి వంట నేర్చుకున్నాడు. ఇద్దరూ తిని పడుకుంటారు. సాయంత్రం ఆరున్నరకి లేచి కసిల్దా కిటికీ చెక్క వారగా తెరిచి చూస్తుంది, ఇవాళ నీడ ఎటు పడిందా అని.

ప్లాసాకి పడమటి కొసన ఉంది మొండి బురుజు. వెనకటికి ఊళ్ళో దొరలు బురుజులెక్కి ఒకళ్ళ మీద ఒకళ్ళు బాణాలు వేసుకుంటూ ఉంటే, విసుగెత్తిన రాణిగారు బురుజులన్నిటికీ తలలు కొట్టేయించింది. దీని తలా పోయింది. నీడకున్న తల మాత్రం పోలేదు. సాయంత్రపు ఎండలో బురుజు సగమే ఉన్నా, నీడ పూర్తిగా, పైన పళ్ళవరసలాంటి గోడ అంచుతో సహా పడుతుంది. కింది సగం మామూలు నీడే, సూర్యుడు ఎటు తోస్తే అటు జరుగుతుంది. పై సగాన్ని పట్టి ఉంచడానికి పైన రాయి లేదు గనక అది దాని ఇష్టం. ఒకరోజు కొళాయి దగ్గర, ఒకరోజు బేకరీ ముందు. ఊరికి కొత్త పోస్టుమాన్ వస్తే, సైకిల్ ఎక్కడ పెట్టాలో నీడని చూసుకుని పెట్టుకోమని మొదటిరోజే చెబుతారు.

ఎక్కువ రోజులు అది కసిల్దా గడప ముందే పడుతుంది. జులై నెలలో రాళ్ళు పెనంలా కాలుతున్నప్పుడు ఆ నీడలో మాత్రం నేలమాళిగ చల్లదనం. ఏడయ్యేసరికి చుట్టుపక్కల వాళ్ళంతా కుర్చీలు మోసుకుని వచ్చేస్తారు. బేకరీ నడిపే పాకా వస్తుంది, చేతుల పిండి కూడా సరిగా దులుపుకోకుండా. ఎనభై ఏళ్ళ ఉర్బానో వస్తాడు. కుర్చీలకి జమ్ము అల్లి బతికినవాడు, ఊళ్ళో అందరికీ బాబాయ్. తన కుర్చీ ఎప్పుడూ తెచ్చుకోడు. కసిల్దా వాళ్ళమ్మ కూర్చునే పొట్టి కుర్చీ ఒకటుంది, తన నడుముకి అదొక్కటే సరిపడుతుందంటాడు. కూరలు తరగడాలు, అల్లికలు, ఎవరెవరి కోడళ్ళ సంగతులో చెప్పుకోవడాలు, పొద్దువాలే దాకా.

ఆ సోమవారం కూడా అలాగే కూర్చున్నారు. కసిల్దా చిక్కుళ్ళు వలుస్తోంది.

"నీ చెల్లెలు వెళ్ళిపోతోంది," అంది పాకా. "శనివారం రైలుకి. జర్మనీకే. ఇక రాదట."

కసిల్దా చేతిలో చిక్కుడుకాయ విరిగింది. గింజ ఒకటి ఎగిరి దమ్యాన్ చెప్పు దగ్గర పడింది.

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెబుతారు? రొట్టె కొనడానికొచ్చి, శనివారం నుంచి నాకు రొట్టె తీసిపెట్టకండి అంది. ఏం అన్నాను. ఇల్లు ఖాళీ చేస్తున్నా, అక్కడ ఫ్యాక్టరీలో నాతో చేసినావిడకి ఒక గది ఖాళీగా ఉంది, ఆ ఇంటి మెట్ల మీద మనుషులు ఎదురైతే కనీసం నమస్కారమన్నా చెబుతారు అంది. రెండేళ్ళలో ఆవిడ నాతో అంత పొడుగు మాట్లాడ్డం అదే మొదలు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? రొట్టె ఇచ్చాను."

"పోనీ," అంది కసిల్దా. "ఎందుకొచ్చిందో తెలిస్తే గదా, పోతుంటే బాధపడ్డానికి."

ఎల్విరా ఇల్లు ప్లాసాకి అటు పక్క. నలభై అడుగులుంటుంది. ఎల్విరా కసిల్దాకంటే అయిదేళ్ళు చిన్న. ఊళ్ళో పనుల్లేని రోజుల్లో, మిగతా పడుచువాళ్ళతోపాటే రైలెక్కి జర్మనీలో స్టుట్‌గార్ట్ వెళ్ళి గడియారాల ఫ్యాక్టరీలో కుదిరింది. పెళ్ళి చేసుకోలేదు. నెలనెలా ఉత్తరం రాసేది, క్రిస్మస్‌కి చాక్లెట్లు పంపేది. అమ్మ మంచాన పడ్డాక తొమ్మిదేళ్ళు ఎత్తడం దించడం అంతా కసిల్దాదే. అమ్మ పోయిన రోజు తెల్లవారుతూనే తంతి ఇచ్చింది. ఎల్విరా రాలేదు. తర్వాత ఉత్తరం కూడా రాలేదు. కసిల్దా కూడా రాయలేదు. అలా పదకొండేళ్ళు గడిచాయి. రెండేళ్ళ కిందట ఎల్విరా రిటైరై, రెండు పెట్టెలతో దిగి, ప్లాసాలో అద్దెకి ఇల్లు తీసుకుంది. అక్క పలకరిస్తుందేమోనని చూసింది. అక్క, చెల్లెలు పలకరిస్తుందేమోనని చూసింది. ప్లాసాలో జనం కసిల్దా మొహం చూసి, వాళ్ళూ ఊరుకున్నారు.

మంగళవారం సాయంత్రం ఆరున్నరకి కసిల్దా కిటికీ తెరిస్తే ఎండ మొహాన కొట్టింది. గడప ముందు నీడ లేదు. కొళాయి దగ్గరా లేదు, బేకరీ ముందూ లేదు. ప్లాసా ఆ కొసనించి ఈ కొసకి చాచుకుని, పళ్ళవరస అంచు తిన్నగా ఎల్విరా గడప మీద పెట్టి పడుకుంది.

"ఇవాళ అటు వెళ్ళింది," అన్నాడు దమ్యాన్ వెనకనించి.

"కళ్ళున్నాయి నాకు."

ఏడింటికి పాకా తన కుర్చీతో వచ్చింది. మధ్యలో ఆగి నీడకేసి చూసింది, కసిల్దా కిటికీకేసి చూసింది. "ఏం చెయ్యమంటావే, నలభై రెండు డిగ్రీలు" అన్నట్టు భుజాలెగరేసి అటు తిరిగింది. ఉర్బానో గోడ పట్టుకుని వచ్చి, అలవాటుగా పొట్టి కుర్చీ ఎత్తుకుని, చల్లదనం ఎటుందో దాని వెంబడే పోయాడు. ఒక్కొక్కళ్ళే ఆరుగురు చేరారు. ఎల్విరా ఇంటి ముందు రాళ్ళ మీద కుర్చీకాళ్ళ చప్పుడు.

కసిల్దా కిటికీ చెక్క సందులోంచి చూస్తూనే ఉంది. చాలాసేపటికి ఎల్విరా తలుపు తెరుచుకుంది. గడప ముందు అంతమందిని చూసి ఆమె అక్కడే ఆగిపోయింది. ఉర్బానో, "మంచినీళ్ళుంటే ఇప్పించమ్మా" అన్నాడు. ఎల్విరా లోపలికెళ్ళి మట్టికూజా తెచ్చింది. కూజా చేతులు మారింది. అందరూ తాగేశాక ఏం చెయ్యాలో తోచక, ఎల్విరా గుమ్మంలోనే నిలబడింది, చేతులు వెనక్కి పెట్టుకుని, బడిలో ఆలస్యంగా వచ్చిన పిల్లలా.

బుధవారం కూడా నీడ అక్కడే. కసిల్దా పట్టుదలగా తన గుమ్మంలో కూర్చుంది. ముక్కు మీంచి చెమట కారి చేతిలోని అల్లిక మీద పడుతోంది. పక్కన దమ్యాన్ విసనకర్రతో ఒకసారి తనకి, రెండుసార్లు ఆమెకి విసురుతున్నాడు.

"కసీ," అన్నాడు చివరికి.

"ఊఁ."

"నేను నీ మొగుణ్ణి. ఇటుకని కాదు, కాల్చడానికి."

"వెళ్ళు. ఎవరాపారు?"

వెళ్ళాడు. వెళ్తూ విసనకర్ర ఆమె ఒళ్ళో పెట్టి వెళ్ళాడు. కాసేపటికి అటునించి పాకా నవ్వు వినిపించింది. పాకా నవ్వితే ప్లాసాలో పావురాలు లేస్తాయి. దేనికి నవ్వుతున్నారో కసిల్దాకి తెలియలేదు. ఇన్నేళ్ళలో ఆ గుంపు తను లేకుండా నవ్వడం అదే మొదటిసారి. ఎండకంటే అది ఎక్కువ మండించింది.

ఆ రాత్రి అన్నం దగ్గర దమ్యాన్ ఏదో చెప్పబోయాడు. "నాకేం చెప్పొద్దు" అంది. అతను చెప్పలేదు. చెప్పలేదని ఇంకా కోపం వచ్చింది.

గురువారం మేడ తాళం వేస్తూ ఒక నిశ్చయానికి వచ్చింది. అమ్మ కుర్చీ ఆ ఇంటి ముందు ఉండటానికి వీల్లేదు. అమ్మ కోసం రానిదాని గడప ముందు అమ్మ కుర్చీ ఏమిటి. వెళ్ళి, ఉర్బానోని లేపి, కుర్చీ ఎత్తుకుని వచ్చేస్తుంది. ఒక్కమాట మాట్లాడదు.

ఏడున్నరకి బయల్దేరింది. ఆ నలభై అడుగులూ రాళ్ళ వేడి చెప్పుల్లోంచి అరికాళ్ళకి తగిలింది. నీడ అంచు దాటి కాలు పెట్టేసరికి, తడిబట్ట కప్పినట్టు ఒళ్ళంతా ఒక్కసారి చల్లబడింది. ఆమె రావడం చూసి అందరూ మాటలాపారు. ఉర్బానో ఒక్కడూ ఆపలేదు. ఒక కథ ఎత్తుకుంటే ఆపడం ఆయనకి చేతకాదు.

"మరి ఆరేసుకోడానికి చోటేదీ? వీళ్ళమ్మ ఇల్దెఫోన్సా ఏం చేసిందయ్యా అంటే, నిచ్చెన తెచ్చింది. తాడు ఒక కొస బురుజు కొక్కేనికి కట్టింది. రెండో కొస తీసుకెళ్ళి మేడ మీద సింహం నోట్లో దూర్చి ముడేసింది. వేసి, తెల్లటి దుప్పట్లు వరసగా ఆరేసింది. మేడ గుమాస్తా బయటికొచ్చాడు. దుప్పటి ఫట్‌మని మొహాన్ని కొట్టింది. ఎవరే ఇది అన్నాడు. ఆవిడ బెదిరితేనా? మీ సింహం పొద్దస్తమానం నోరు తెరుచుకుని ఊరికే కూర్చుందిగా, కాస్త తాడు పట్టుకుంటే దాని సొమ్మేం పోయింది అంది."

కసిల్దా కుర్చీ వీపు మీద చెయ్యి వేసింది. లే బాబాయ్, నా కుర్చీ ఇచ్చెయ్ అందామనే నోరు తెరిచింది.

"దుప్పట్లు కాదు," అంది.

"ఆఁ?" అన్నాడు ఉర్బానో.

"దుప్పట్లు కాదు బాబాయ్. ఎప్పుడూ తప్పే చెబుతావు. నాన్న పొడుగు లాగులు. చలికాలం ఉన్నివి. అమ్మ నాకు వందసార్లు చెప్పింది."

"నాన్నవి కావు," అంది గుమ్మంలోంచి ఎల్విరా.

కసిల్దా తలెత్తింది.

"ఫాదర్ గారివి," అంది ఎల్విరా. "అమ్మ అప్పుడు చర్చి బట్టలు ఉతికేది. అందుకే గుమాస్తా అంత ఎగిరాడు. నాన్నవైతే ఎవడికి పట్టింది?"

"నీకేం తెలుసు? నువ్వప్పటికి ఆరేళ్ళదానివి."

"కింద బుట్ట పట్టుకున్నది నేనే. నువ్వు తట్టు పోసి మంచం మీద ఉన్నావు."

"తట్టు ఆ ఏడాది కాదు."

"ఆ ఏడాదే. నీ దగ్గర్నుంచే నాకూ అంటుకుంది. రెండు వారాలు ఇద్దరం ఒకే మంచం మీద పడుకున్నాం, నువ్వు దుప్పటంతా లాక్కునేదానివి."

"నేనా? నువ్వు లాక్కునేదానివి."

పాకా ఇటు చూసి అటు చూసింది. "పదకొండేళ్ళ తర్వాత మొదటి మాటలు," అంది మెల్లగా, "ఫాదర్ గారి లాగుల గురించా?"

ముందు దమ్యాన్ నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. కసిల్దా ఆపుకుందామని చూసింది గానీ, ఉన్ని లాగులు తొడుక్కున్న ఫాదర్ కళ్ళముందుకొచ్చి ఆమెకీ నవ్వు తన్నుకొచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. ఏప్రన్ కొసతో తుడుచుకుంటుంటే తెలిసింది, ఎల్విరా నవ్వడం లేదని. ఆమె తననే చూస్తోంది.

"ఆ రోజు కూడా ఇదే కథ," అంది ఎల్విరా.

"ఏ రోజు?"

"అమ్మని పాతిపెట్టిన మర్నాడు. సాయంత్రం ఇదే వేళకి. అదిగో, ప్లాసాలోకొచ్చే ఆ కమాను కింద నిలబడ్డాను, పెట్టె పట్టుకుని. రెండు రాత్రులు రైల్లో కూర్చోడానికి చోటు లేక నిలబడే వచ్చాను. ఎలాగూ అంత్యక్రియలకి అందనని సరిహద్దు దగ్గరే తెలిసిపోయింది. అయినా వచ్చాను. వచ్చేసరికి నీ గుమ్మం ముందు నీడ. అందరూ ఉన్నారు. బాబాయ్ సింహం కథ చెబుతున్నాడు. నువ్వు నవ్వుతున్నావక్కా. ఇప్పుడు నవ్వినట్టే, కళ్ళు తుడుచుకుంటూ."



"నువ్వొచ్చావా?" అంది కసిల్దా.

"నేను లేకుండానే మీ అందరికీ అయిపోయిందనిపించింది. ఏడవడం, సర్దుకోవడం, అన్నీ. ఇక నేనొచ్చి చేసేదేముంది. అదే సాయంత్రం బండికి తిరిగి వెళ్ళిపోయాను."

"నాకు తెలియదు."

"ఎందుకు తెలియదు? బాబాయ్ చూశాడుగా. సరిగ్గా నావైపు చూసి తల ఊపాడు. వచ్చి వెళ్ళానని నీకు చెప్పే ఉంటాడు, చెప్పినా నువ్వు ఒక్క ముక్క రాయలేదని..."

అందరూ ఉర్బానో వైపు తిరిగారు. ఆయన మొహం పాలిపోయింది.

"తల్లీ," అన్నాడు, "నాకు పదడుగుల అవతల ఉన్నది మనిషో గాడిదో యాభయ్యో ఏటినించీ తెలియదు. ఎవరైనా అయి ఉంటారు, ఊరుకుంటే మర్యాద కాదని అన్నిటికీ తల ఊపుతాను. నిన్న కొళాయి స్తంభానికి కూడా ఊపాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

కసిల్దా కుర్చీ వీపుని రెండు చేతులతోనూ పట్టుకుంది. "తొమ్మిదేళ్ళు ఎత్తాను అమ్మని," అంది. "పోయాక ఏడుపు రాలేదు నాకు. శవం లేచేటప్పుడు రాలేదు, మట్టి వేసేటప్పుడు రాలేదు. రాయినైపోయానేమో అనుకున్నాను. మర్నాటి సాయంత్రం బాబాయ్ ఈ కథ ఎత్తుకున్నాడు. నవ్వొచ్చింది. ఆ నవ్వులోంచే ఏడుపొచ్చింది. అడుగు, పాకాని అడుగు. తెల్లారేదాకా ఏడ్చాను. నువ్వు ఆ కమాను కింద ఇంకొక్క అయిదు నిమిషాలు నిలబడి ఉంటే..."

ఉర్బానో మోకాళ్ళ మీద చేతులు ఆన్చుకుని లేచి, కుర్చీ ఆమె వైపు జరిపాడు. ఎత్తుకుపోదామని వచ్చిన కుర్చీలో కసిల్దా కూర్చుంది. ఎల్విరా లోపల్నించి తన కుర్చీ తెచ్చుకుని పక్కన వేసుకుంది, మరీ దగ్గరగా కాదు. పొద్దువాలే దాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు. ఒకసారి ఎల్విరా కూజా అందించింది. కసిల్దా తాగి, "ఈ కూజాకి మూత పెట్టు, దుమ్ము పడుతోంది" అంది. ఎల్విరా వెళ్ళి మూత తెచ్చింది.

శుక్రవారం ఎల్విరా ఇంట్లో పెట్టెలు కట్టడం అయిపోయింది. నీడ ఇంకా ఆమె గడప ముందే ఉంది. కసిల్దా అల్లిక తెచ్చుకుని కూర్చుంది. వెళ్ళొద్దని అడిగే మనిషి కాదు. ఉండనా అని అడిగే మనిషి అవతల్ది కూడా కాదు. వాళ్ళమ్మా అంతే, నిప్పుల మీద నిలబడినా కాలు కాలుతోందని చెప్పేది కాదు. పాకాకి ఓపిక నశించి, ఇద్దరి తలలూ పట్టుకుని ఒకదానికొకటి కొట్టాలనిపించింది. ఆ మాట దమ్యాన్‌తో పైకే అంది.

అందరూ లేచే వేళకి కసిల్దా అల్లిక చుట్టుకుంటూ, చెల్లెలి వైపు చూడకుండానే అంది: "అమ్మ సమాధి రాయి నల్లబడింది. కొంగలు దాని మీదే కూర్చుంటున్నాయి. ఆదివారం పొద్దున వెళ్ళి కడగాలి. మోకాళ్ళు వంగడం లేదు నాకు. ఒక్కదాన్ని కడగలేను."

"ఆదివారానికి నేనుండనుగా."

"తెలుసు," అంది కసిల్దా. "అందుకే ఇప్పుడడుగుతున్నాను."

శనివారం నాలుగింటికి టాక్సీ వచ్చింది. కసిల్దా మంచం మీద వెల్లకిలా పడుకుని పైన దూలాలు చూస్తోంది. హారను ఒకసారి మోగింది, ఆగి మళ్ళీ ఒకసారి మోగింది. తలుపు చప్పుడు. మాటలు. ఏమిటో వినపడలేదు. దమ్యాన్ కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"చూడవూ?" అన్నాడు.

"చూడను. నువ్వు చూడు."

ఇంజను చప్పుడు లేచింది. రాళ్ళ మీద చక్రాలు కదిలాయి, కమాను కింద ఒక్కసారి బరువుగా ప్రతిధ్వనించి, దూరమయ్యాయి. కసిల్దా కళ్ళు మూసుకుంది.

"ఖాళీగా వెళ్తోంది," అన్నాడు దమ్యాన్.

ఆమె లేచి కూర్చుంది. "ఖాళీగా అంటే?"

"డ్రైవరు ఉన్నాడనుకో."

ఆదివారం పొద్దున ఏడింటికే ఇద్దరూ బయల్దేరారు. బకెట్టు, బ్రష్షు ఎల్విరా పట్టుకుంది. సబ్బు, గుడ్డలు, సగం రొట్టె, కొంచెం చీజు కసిల్దా సంచిలో ఉన్నాయి. శ్మశానం ఊరి చివర, సైప్రస్ చెట్ల వెనక. ఎల్విరా ఆ రాయిని చూడటం అదే మొదలు. మోకాళ్ళ మీద కూర్చుని ముందు పేరు కడిగింది. ఇల్దెఫోన్సా అన్న అక్షరాల్లో పేరుకున్న నాచుని ఒక్కొక్క అక్షరంలోంచి గోటితో తీసింది. కసిల్దా నీళ్ళు పోస్తూ నిలబడింది. చెల్లెలి భుజాలు ఎంతసేపు కదిలాయో అంతసేపూ పోస్తూనే ఉంది, రాయి ఎప్పుడో తెల్లబడిపోయినా.

తర్వాత అక్కడే గట్టు మీద కూర్చుని రొట్టె తిన్నారు.

"పేరు కింద అంత చోటు ఎందుకు వదిలావు?" అంది ఎల్విరా.

"మనిద్దరికీనూ. పక్కపక్కనే. దుప్పటి లాగావంటే ఊరుకోను."

ఎల్విరా ఇంకో ముక్క చీజు నోట్లో వేసుకుంది. "చర్చి వెనక సందులో ఏదో గడియారాల షాపు చూశాను," అంది. "ముసలాయనకి చేతులు వణుకుతున్నాయట. మనిషి కావాలని కాగితం అంటించాడు."

"వాడు కోపిష్టివాడు."

"నేను మంచిదాన్నా?"

ఆ సాయంత్రం ఏడింటికి అందరూ కుర్చీలు పట్టుకుని ప్లాసాలోకి వచ్చారు. కసిల్దా గడప ముందు ఎండ. ఎల్విరా గడప ముందూ ఎండే.

"ఏం ఎల్విరా," అంది పాకా, "రైలు తప్పిపోయిందటగా?"

"తప్పిపోలేదు. దాని టైముకది వెళ్ళింది."

"మరి సోమవారం నుంచి రొట్టె తీసిపెట్టనా?"

"పెట్టు. బాగా కాలింది పెట్టు. నువ్విచ్చేవన్నీ తెల్లగా ఉంటున్నాయి, రెండేళ్ళనించీ చెబుదామనుకుంటున్నా."

పాకా నడుం మీద చేతులు పెట్టుకుని ఏదో అనబోయింది. ఈలోగా దమ్యాన్ చెయ్యి చాపి చూపించాడు. నీడ మందుల షాపు పక్కింటి ముందు పడి ఉంది. ఆ ఇంట్లో కొత్తగా వచ్చిన స్కూలు మాస్టారు అద్దెకుంటున్నాడు. వచ్చి నాలుగు నెలలైంది. పొద్దున వెళ్ళడం, సాయంత్రం వచ్చి తలుపు వేసుకోవడం తప్ప అతని పేరేమిటో కూడా ప్లాసాలో ఎవరికీ తెలియదు.

ఉర్బానో ఆ తలుపు వైపు తిరిగి మర్యాదగా తల ఊపాడు. ఎల్విరా ఒక చేత్తో తన కుర్చీ, రెండో చేత్తో అక్క కుర్చీ ఎత్తుకుని అందరికంటే ముందు నడిచింది.